గ్యాసు గడ్డ మీద గ్యాసు వద్దన్న ఫెన్నా

ఎల్మవెర్ద్‌లో ఫెన్నా పేరు తెలియని గడప లేదు. ఎలా ఉంటుంది? పాతికేళ్లకు పైగా సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగి, మంచం పట్టిన ముసలివాళ్లకు స్నానాలు చేయించింది, గోళ్లు తీసింది, మేజోళ్లు తొడిగింది. గ్రోనింగెన్ పొలాల మీంచి వచ్చే ఎదురుగాలికి తల వంచకుండా అన్నేళ్లు సైకిల్ తొక్కిన మనిషికి నోరు కూడా అలాగే తయారవుతుంది. ఎవరికీ జడిసేది కాదు. ఎవరి మెప్పూ అడిగేది కాదు.

ఆమె పుట్టిన ఏడే వాళ్ల వీధికి గ్యాసు గొట్టం వచ్చింది. బీట్‌దుంప చేల అడుగున ఇంత గ్యాసు దాగి ఉందని తెలిసి దేశమంతా పండగ చేసుకున్న కాలమది. బొగ్గు పొయ్యిలు పాత ఇనుము కొనేవాళ్ల బండ్లెక్కాయి. బొగ్గుల కొట్లు సైకిళ్ల కొట్లయ్యాయి. ఫెన్నా అన్న డెర్క్ పెరిగి పెద్దవాడై ఆ గ్యాసు కంపెనీలోనే చేరి, రిటైరయ్యేదాకా బావుల దగ్గర యంత్రాలు చూసుకున్నాడు. దేశంలో ప్రతి ఇల్లూ చలికాలంలో వెచ్చగా ఉందంటే అది మా చేతుల మీదుగానే అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు.

అయితే ఆ వెచ్చదనం ఎవరి పునాదుల్లోంచి తోడారో కూడా చెప్పుకోవాలి కదా. అడుగున గ్యాసు ఖాళీ అయినకొద్దీ నేల కుంగింది. కుంగినకొద్దీ కంపించింది. చిన్న ప్రకంపనలే అన్నారు దూరాన హేగ్ నగరంలో ప్రభుత్వ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. చిన్నవే కావచ్చు, ఇటుక గోడకు ఆ మాట ఎవరు చెబుతారు? ఎల్మవెర్ద్‌లో గోడలు నిలువునా బీటలు వారాయి. కూలిపోకుండా వాటికి బయటినుంచి దూలాలు ఆనించారు. ఫెన్నా స్నానం చేయించే ముసలమ్మలు వీధిలో లారీ పోయినా మంచం పట్టె గట్టిగా పట్టుకునేవాళ్లు. పగుళ్లు చూడవచ్చిన అధికారి ఒకడు “ఇది పాత పగులండీ, గ్యాసు వల్ల వచ్చింది కాదు” అంటే, ఫెన్నా తడి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నిలదీసింది. “ఈ గోడకి నేనే సున్నం వేశాను. పగులు పాతదా, నీ మాట పాతదా?” అంది. ఆ తర్వాత జరిగిన ప్రతి కాగడాల ఊరేగింపులోనూ ఆమె ముందు వరసలోనే నడిచింది. డెర్క్ మాత్రం కిటికీలోంచి చూసేవాడు. చెల్లెలు నడిచేది తన మీదికే అన్నట్టుండేది అతనికి.

చివరికి ప్రభుత్వం దిగివచ్చింది. బావులు మూశారు. గోడలు గట్టిపరచే పని మొదలైంది. ఫెన్నా వాళ్లది ఒకదానికొకటి అంటుకున్న ఆరిళ్ల వరస. ఒక కొసన ఆమె, పక్కింట్లో డెర్క్, అతని భార్య ఆల్త్యే. పని ముగిసేవేళకు పురపాలక సంఘం వాళ్లు ఒక మాట అడిగారు: ఈ వరసకు కొత్త గ్యాసు గొట్టం వెయ్యమంటారా, లేక గ్యాసే లేకుండా హీట్ పంపులు పెట్టుకుంటారా? వేస్తే వరస మొత్తానికి వేస్తారు, లేకపోతే ఎవరికీ లేదు. చలికాలం వెళ్లాక చేతులెత్తి తేల్చుకోండి అన్నారు.

ఫెన్నా ఆగలేదు. కొస ఇల్లు గనక పని ముందే అయిపోయింది. చలి పడకముందే పెరట్లో పంపు పెట్టించుకుంది.

డెర్క్ కంచె మీద మోచేతులు ఆనించి చూశాడు. “ఏమే, పెరట్లో ఫ్రిజ్జు పెట్టావేంటి?”

“ఫ్రిజ్జు వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా అన్నయ్యా? వెచ్చగా ఉండదూ? ఇదీ అంతే. బయటి గాలిలోంచి వేడి పిండి ఇంట్లో పోస్తుంది.”

“బయట కాలవలు గడ్డకడుతుంటే గాలిలో వేడెక్కడిదే?”

“గడ్డకట్టే గాలిలోనూ ఎంతో కొంత ఉంటుందిట. మూడు కిలోమీటర్ల లోతున గ్యాసుందంటే కంటికి కనబడకపోయినా నమ్మావుగా? నీ ముక్కు ముందున్న గాలిని నమ్మవేం?”

“నమ్ముతాలే, నీ ఇంట్లో మంచు మనిషిని కట్టాక” అన్నాడు డెర్క్. అవతలి పెరట్లో కోళ్లకు మేత వేస్తున్న మూడో ఇంటి రేంట్ పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు ఫెన్నాకు ఒళ్లు మండింది.

“వినండి ఇద్దరూ. జనవరిలో నా పుట్టినరోజుకి ఎలాగూ వస్తారు. ఆ రోజు నా ఇంట్లో మీకు కోటు విప్పబుద్ధి కాకపోతే, గ్యాసు గొట్టానికి మొదటి చెయ్యి నేనే ఎత్తుతాను. ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను.”

మాట వీధి చివరికి చేరడానికి ఎంతసేపు? సాయంత్రానికల్లా ఆరిళ్లవాళ్లూ ఆ మాట మీదే నిలబడ్డారు. అంతా ఫెన్నా ఇంటి వెచ్చదనాన్నిబట్టే అన్నారు.

పంపు బిగించిన మనిషి గదుల్లో గోడవార వేడినీళ్లు తిరిగే పాత రేడియేటర్లు తీసేసి వెడల్పాటివి పెట్టాడు. వేడి పెంచి తగ్గించే గోడమీది చక్రం ఇరవై డిగ్రీల దగ్గర పెట్టి, “రాత్రీ పగలూ ఇంతే. దీన్ని ముట్టుకోకండి” అన్నాడు. ఫెన్నా బుద్ధిగా తలూపింది. తలూపడం తేలికే.

ఆ దేశంలో పడుకోబోయే ముందు చక్రం తిప్పి వేడి తగ్గించడం ఒక అలవాటు కాదు, అదొక నీతి. మనుషులు దుప్పట్లో ఉండగా కుర్చీలకు వెచ్చదనం దేనికి? ఫెన్నా అయితే పడకకు గంట ముందే పదిహేనుకు తిప్పేసేది. ఉన్న వేడి ఆ గంటకు సరిపోతుందిగా! వాళ్లమ్మా అంతే, ఆల్త్యే వదినా అంతే. తలుపు బార్లా తీసి వచ్చిన పిల్లల్ని “ఎప్పుడూ తలుపులు తెరిచుండే చర్చిలో పుట్టావట్రా, తలుపెయ్యి!” అని కసిరే ఊరది. పంపు బిగించిన మనిషి మాట చెవిలోనే ఉంది, చెయ్యి మాత్రం దానంతటదే చక్రం మీదికి పోయేది. అక్టోబరు చలి ఒక చలా? పొద్దున కాస్త చల్లగా ఉంటే స్వెట్టరు వేసుకునేది. ఏం తేడా తెలియలేదు.

జనవరిలో తూర్పు గాలి తిరిగింది. కాలవలు గడ్డకట్టాయి. పిల్లలు కాలవల మీద జారడానికి అటకల మీంచి మంచు చెప్పులు దింపారు. పుట్టినరోజు ముందు రాత్రి ఫెన్నా ఆపిల్ కేకు కాల్చి, కుర్చీలన్నీ గోడవెంట గుండ్రంగా సర్ది, చక్రం దగ్గరికి వెళ్లింది. రేపు ఇంటినిండా మనుషులే కదా, వాళ్ల ఒంటి వేడే సగం పని చేస్తుంది అనుకుని, ఎన్నడూ లేనిది పద్నాలుగుకు తిప్పింది.

పొద్దున లేచేసరికి ముక్కు చివర చల్లబడింది. పరుగున పోయి చక్రాన్ని ఇరవై రెండుకు తిప్పింది. పాత గ్యాసు బాయిలరైతే ఆ దెబ్బకు గుప్పున మండి, కాఫీ అయ్యేలోపు ఇల్లంతా కాచి పెట్టేది. ఈ పంపు పెరట్లో ఎప్పటిలాగే సన్నగా గుమ్మని తిరుగుతోంది. తొందర లేదు, కంగారు లేదు. రేడియేటరు మీద చెయ్యి వేస్తే జ్వరం తగ్గిన మనిషి నుదురులా ఉంది. ఫెన్నా దాన్ని బతిమాలింది, తిట్టింది, చివరికి కొవ్వొత్తులు వెలిగించింది. మధ్యాహ్నం చుట్టాలు తలుపు కొట్టే వేళకి ఇల్లు పదిహేడు దగ్గరే వేలాడుతోంది.

అక్కడి పద్ధతి ప్రకారం వచ్చినవాళ్లు పుట్టినరోజు మనిషికే కాదు, కూర్చున్న అందరికీ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. “నీ చెల్లెలి పుట్టినరోజుకి శుభాకాంక్షలు డెర్క్.” “నీ పొరుగావిడ పుట్టినరోజుకి శుభాకాంక్షలు రేంట్.” ఆ తతంగమంతా కోట్లు విప్పకుండానే జరిగింది. ఆల్త్యే మఫ్లరు కూడా తియ్యలేదు. గుండ్రంగా కూర్చుని, చేతుల మధ్య కాఫీ కప్పులు ఇరికించుకున్నారు.

“కేకు బాగుంది ఫెన్నా. చల్లగా ఉంది గనక పాడవదు కూడా” అన్నాడు రేంట్.

“మంచు చెప్పులు తెచ్చుకోవలసింది. ఈ గదిలో రెండు చుట్లు తిరిగేవాళ్లం” అన్నారు పక్కనుంచి ఇంకెవరో.

“ఊరుకోండి. పుట్టినరోజు పిల్లని ఏడిపిస్తారేం” అని ఆల్త్యే అందిగాని, ఆమె పళ్లు కూడా నవ్వుతో కలిసి టకటకమన్నాయి.

ఫెన్నా నవ్వలేదు. కాఫీ పాత్ర పట్టుకుని గది మధ్యన నిలబడింది. ఎన్ని ఊరేగింపులు, ఎన్ని గోడలు, ఎందరు ముసలమ్మలు! అంతా చేసి ఇప్పుడు ఒక చల్లటి గదిలో తానే గ్యాసుకు చెయ్యెత్తాలా?

డెర్క్ లేచాడు. రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. కిటికీ దగ్గరికి పోయి పెరట్లో తిరుగుతున్న రెక్కల్ని కాసేపు చూశాడు, చెవి అద్దానికి ఆనించి విన్నాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

“రాత్రి ఎంతలో పెట్టావే దీన్ని?”

ఫెన్నాకు నోటిదాకా వచ్చింది అబద్ధం. కొత్త యంత్రం, ఏదో భాగం సరిగా కూర్చోలేదు, సోమవారం వచ్చి చూస్తారు. ఎవరూ కాదనరు. కానీ అధికారుల అబద్ధాలను ఇన్నేళ్లు మొహం మీదే ఎండగట్టిన నోరు అది. ఆ నోటితో తనూ అదే పని చేస్తుందా?

“పద్నాలుగు” అంది.

“పద్నాలుగా? మేం పదిహేనుకే తిప్పుతాం” అంది ఆల్త్యే, మెచ్చుకోలుగా.

డెర్క్ మాట్లాడకపోతే గెలుపు అతనిదే. కోటు గుండీలు పెట్టుకుని, పదండి ఇళ్లకి అంటే చాలు, వీధి మొత్తం అతని వెనక నడుస్తుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు. కానీ అతని చెవిలో ఇంకా ఆ పంపు చప్పుడే ఉంది. లోపం లేని యంత్రం చప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. తెలిసి దాన్ని చెడ్డదనడం అతని వల్ల కాలేదు.

“దాన్ని తిట్టకండి” అన్నాడు చివరికి. “రాత్రంతా పస్తు పెట్టి పొద్దున్నే బండి లాగమంటే ఏ గుర్రం లాగుతుంది? బాయిలరైతే ఒక్క ఉదుటున పరిగెడుతుంది. ఇది నడిచే రకం. ఆపకుండా నడవనివ్వాలి. ఇల్లే చల్లబడిపోతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం?”

రేంట్ కప్పు కింద పెట్టాడు. “నువ్వు ఎవరి పక్షమయ్యా డెర్క్?”

“యంత్రం పక్షం” అన్నాడు డెర్క్ చిరాగ్గా.

ఫెన్నా కాఫీ పాత్ర దించింది. “విన్నారుగా. తప్పు దానిది కాదు, నాది. ముట్టుకోవద్దని చెప్పారు, ముట్టుకున్నాను. వచ్చే శుక్రవారం మళ్లీ రండి.”

“పుట్టినరోజు రెండుసార్లా?” అంది ఆల్త్యే కళ్లు పెద్దవి చేసి.

“ఈ ఏడు రెండుసార్లు పుట్టాననుకోండి.”

“రెండో కేకు కూడా చేస్తావా?”

“చేస్తా. తలా రెండు ముక్కలు పెడతా.”

మనిషికి ఒక ముక్కే పెట్టే ఊళ్లో అది మామూలు పందెం కాదు. గది ఒక్కసారి గొల్లుమంది. డెర్క్ కూడా నవ్వాడు.

ఆ వారం ఫెన్నా పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. అమ్మ నేర్పిన చేతిని అమ్మ నేర్పినట్టు పోనివ్వకుండా ఆపుకోవాలి. పడుకోబోతూ రోజూ అటు నడిచేది. చక్రం మీద ఒక పాత ఉన్ని టోపీ తొడిగి పెట్టుకుంది, చేతికి ఉన్ని తగిలితే బుద్ధి వస్తుందని. మొదటి రాత్రి దొంగతనం చేసినంత బాధపడింది. నిద్రలో ఉన్న ఇంటికి వేడి! మూడో రోజు పొద్దున మంచం దిగి, ఉత్త పాదాలతో వంటగదిలోకి పోయి, అక్కడ నిలబడిపోయింది. నేల చల్లగా లేదు.

శుక్రవారానికి చలి ఇంకా బిగుసుకుంది. వచ్చినవాళ్లు కనురెప్పల మీద మంచుతో వచ్చారు. తలుపు తియ్యగానే రేంట్ భార్య కళ్లద్దాలు ఆవిరి పట్టి తెల్లబడ్డాయి, గుడ్డిగా తడుముకుంటూ ఎదురుగా ఉన్న డెర్క్‌కే “శుభాకాంక్షలు ఫెన్నా!” అని ముద్దు పెట్టింది. మఫ్లర్లు పోయాయి, కోట్లు పోయాయి. స్వెట్టర్లు కూడా కుర్చీల వీపులెక్కాయి. బ్రాందీలో నానిన కిస్మిస్ చెంచాలతో తిన్నారు. రేంట్ రెండో ముక్క కేకు పళ్లెం తుడిచి మరీ తిన్నాడు. డెర్క్ చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. ఎవరూ గదిలో వేడి గురించి ఒక్క మాట అనలేదు. ఆ ఊళ్లో అంతకు మించిన పొగడ్త లేదు.

మార్చిలో కాఫీ హోటలు వెనక గదిలో ఆరిళ్లవాళ్లూ చేరారు. పురపాలక సంఘం తరఫున ఒకావిడ వచ్చింది. ఇంటికొక చెయ్యి అంది. గ్యాసు వద్దనేవాళ్లు ఎత్తండి అంది.

ఫెన్నా చెయ్యి ముందు లేచింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి లేచాయి. రేంట్ భార్య అతని మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. అందరూ డెర్క్ వైపు చూశారు. అతను లేచి నిలబడ్డాడు.

“నేను చేసిన పనికి సిగ్గుపడను. ఈ దేశాన్ని వెచ్చగా ఉంచాం. కానీ మన కాళ్ల కింద నేల తవ్వేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. పనిచేసిన మాకూ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. ఇవాళ అడుగుతున్నారు. అడిగిన రోజున కూడా చేతులు జేబుల్లో పెట్టుకుంటే ఎలా?” అని చెయ్యెత్తాడు. ఎత్తి, చెల్లెలి వైపు చూడకుండానే అన్నాడు. “ఆ పంపు మా పడకగది కిటికీ కింద పెట్టకండి. మా ఆవిడ గురకకి అదొకటి తోడు వద్దు.”

“ఎవరి గురకయ్యా?” అని ఆల్త్యే లేచింది.

నవ్వుల్లో లెక్క ముగిసిపోయింది, ఆరిళ్లకూ ఆరు చేతులు. సంఘం ఆవిడ రాసుకుని, కలం మూసి, “ఇక దించొచ్చమ్మా” అంది ఫెన్నాతో. ఫెన్నా వినిపించుకోలేదు. గదిలో తక్కిన చేతులన్నీ దిగి కాఫీ కప్పుల మీదికి పోయాక కూడా, ఆమె చెయ్యి అలాగే, నిటారుగా, పైనే ఉంది.