గంగక్కను ఎరిగిన సంతకం

సారపాక బస్టాండు పక్కన దోసెల బండి నడిపే గంగక్కకు సంతకం నలభై ఆరో ఏట వచ్చింది. వయోజన విద్య బడిలో ఆర్నెల్లు పలక అరగదీసి నేర్చుకుంది. ఆనాటి నుంచి వేలిముద్ర వేయమన్నవాళ్ల మీద ఇంతెత్తున లేచేది.

ఇప్పుడు ఆ సంతకమే కొంప ముంచేలా ఉంది. గాలివానకు రేకులు ఎగిరిపోయిన ఆమె గుడిసె స్థానంలో సర్కారు ఇల్లు మంజూరైంది. మంజూరు కాగితం చేతికి రావాలంటే దరఖాస్తులో పెట్టిన సంతకమే మళ్లీ పెట్టాలి. గంగక్క నాలుగుసార్లు పెడితే నాలుగు రకాలు వచ్చాయి. మండలాఫీసు గుమాస్తా ఉదయ్ భాస్కర్ పెదవి విరిచాడు.

"కలుస్తలేదు గంగక్కా. నువ్వే గంగక్కవని రుజువేంది?"

గంగక్కకు ఒళ్లు మండిపోయింది. రోజూ ఆమె బండి దగ్గర నిలబడి "అక్కా, ఇంకో కారం దోసె" అనే మనిషి ఈయనే!

"గదేంది సారూ! పొద్దుగాల నా చేతి దోసె తినే గద వచ్చినవు!"

"తిన్నది నేను. అడిగేది రూలు. శుక్రవారం లోపల ఎమ్మెల్యే సారు సంతకంతోని లెటర్ తే. లేకుంటే నీ ఇల్లు లిస్టుల తర్వాతోళ్లకు పోతది."

బండి మూసేసి ఎమ్మెల్యే క్యాంపాఫీసుకు పరుగెత్తింది. సారు హైదరాబాదులో ఉన్నాడన్నారు. అక్కడి పీఏ రాజ్యశ్రీ మాత్రం "నీకు గావాల్సింది సారా, సంతకమా?" అంటూ లెటర్ టైపు చేసి, బల్ల మీది ఓ మిషన్ కింద పెట్టింది. మిషన్‌కు బిగించిన పెన్ను గిరగిరా తిరిగి సారు సంతకం గీకేసింది. పక్కనున్న కాగితాల కట్ట మీదా అదే సంతకం, పొల్లు పోలేదు.

"నా సంతకం గూడ జర దీనికి నేర్పమ్మా, పీడ పోతది," అంది గంగక్క. రాజ్యశ్రీ నవ్వింది. గంగక్క నవ్వించడానికి అనలేదు.

బయటికొచ్చి కూడబలుక్కుని చదివింది. "ఈమెను నేను స్వయంగా ఎరుగుదును" అని ఉంది. ఎరుగుదునట! ఆయన మొహాన్ని ఆమె ఫ్లెక్సీల మీద చూసింది. ఆమె మొహాన్ని ఆయన ఎక్కడ చూశాడు? రోజూ చూసేవాడేమో ఎరగనంటాడు, కళ్లే లేని మిషన్ ఎరుగుదునంటుంది. ఏం చోద్యమో!

శుక్రవారం ఉదయ్ భాస్కర్ లెటర్ అడుగున సంతకం ఒక్కటే చూశాడు.

"ఇగ ఢోకా లేదు. సారు సంతకం ఎన్నడూ గింత గూడ మారదు," అని మెచ్చుకున్నాడు పైగా.

"అది సారు పెట్టలే. మిషన్ పెట్టింది. నా కండ్లతోని చూసిన."

"తెల్సు గంగక్కా, అందరికీ తెల్సు. కాగితం ముట్టినట్టు గీడ సంతకం పెట్టు, జల్దీ."

గంగక్క పంటి బిగువున ఒక్కో అక్షరమే దిద్దింది. ఐదో రకం వచ్చింది. మళ్లీ వెనక్కి పంపుతాడేమోనని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆయన మంజూరు కాగితం ఆమె చేతిలో పెట్టి, రిజిస్టరు మూసి, తర్వాతి పేరు పిలిచాడు.

ఇల్లు దక్కింది. అయినా గంగక్క అక్కణ్ణుంచి కదల్లేదు.

"సారూ, నా సంతకం చూడనే లేదు!"

"లెటర్ ఉన్నంక ఇగ దాంతోని పనేముంది?" అన్నాడు ఉదయ్ భాస్కర్.