ఉపదేశి గారి కండువా

ఉపదేశి గారు పోయారని మొన్న పొద్దున్నే ఫోనొచ్చింది. చర్చిలో పూజకు బయల్దేరుతున్నవాణ్ణి కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందుగా పదేళ్లనాటి కోపమే వచ్చింది. అది దాచి ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

గురుపట్టం అందుకున్న మొదటి ఏడాది నన్ను ప్రత్తిపాడు అవతల ఓ చిన్న పల్లె చర్చి విచారణకు ఫాదర్‌గా పంపారు. నాకు పుస్తకాలు తెలుసు, పత్తి తెలీదు. చర్చిలో పాటలు పాడించి, పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి గారే నన్ను ఇల్లిల్లూ తిప్పారు. "ముందు వాళ్ల అరుగు మీద కూర్చోండి ఫాదర్. దేవుడి సంగతి తర్వాత చెబుదురుగాని," అనేవారు. మిరప కల్లాల్లో నేను తుమ్మలేక చస్తుంటే నవ్వుతూ మంచినీళ్లిచ్చేవారు. నా ప్రసంగం మరీ సాగితే, చివరి వరసలో కూర్చున్న ఆయన కుడి భుజం మీది కండువా ఎడమ భుజానికి మార్చేవారు. ఇక చాలించమని గుర్తు. నేను ఆపేసేవాణ్ణి.

ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. మా విచారణలో ఓ కుర్ర రైతు చనిపోయాడు.

"ఏమైంది ఉపదేశి గారూ?" అని అడిగాను.

"చేలో పాము కరిచిందండి."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకేసారి తలూపారు. పురుగుమందు వాసన వచ్చింది గానీ, పత్తి పండించే ఊళ్లో ఆ వాసన ఎవరి దగ్గర రాదు? సమాధి చేసే ముందు పాముల గురించి అరగంట మాట్లాడాను. చెప్పుల్లేకుండా చేలోకి వెళ్లొద్దని కూడా చెప్పాను. అతని భార్య తల ఎత్తలేదు. ఆ రోజు కండువా కదల్లేదు.

నెల తర్వాత ఆ అమ్మాయే వచ్చి, తన భర్త పురుగుమందు తాగాడని చెప్పింది. ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. వెళ్లి ఉపదేశి గారిని నిలదీశాను.

"నాతో చెబితే సమాధి చెయ్యనంటానా?"

"మీ ముందున్న ఫాదర్ గారు ఇలాంటి శవాన్నే సమాధుల తోట గేటు బయట ఆపేశారండి. మీరేమంటారో మాకేం తెలుసు?"

"పది నెలలు నాతో తిరిగారు. మీక్కూడా తెలీదా?"

ఆయన లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆ తర్వాత కూడా అంతే ఆప్యాయంగా ఉన్నారు, నేనే ఉండలేకపోయాను. రోజూ ఇతరులు చెప్పుకునే పాపసంకీర్తనం వినేవాణ్ణి, నాదొకటి మీకు చెబుతున్నాను. ఆయన్ని నేను పూర్తిగా క్షమించలేదు. నాకు ఊరిని చూపించిన మనిషే నన్ను ఊరికి పరాయివాణ్ణి చేశాడు.

నిన్న సమాధికి వెళ్లాను. "ఏమైంది?" అని కొడుకుని అడిగాను.

"నిద్రలోనే పోయారు ఫాదర్."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకేసారి తలూపారు. నిజమే అయ్యుంటుంది. అయినా ఒక్కొక్కరి మొహంలోకీ చూశాను. ఇంకోసారి అడగాలని నోరు తెరిచి, పెట్టె వైపు తిరిగాను. ఎవరు సర్దారో, కండువా ఆయన ఎడమ భుజం మీద ఉంది.