కొవ్వొత్తి వెలుగులో రెండు కెమెరాలు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను (ఆదివారం పూట రాస్తున్నాను, కాబట్టి ఇంకాస్త గట్టిగా నమ్మవచ్చు). ఆ రోజుల్లో, అంటే ఫోన్లకు ఇంకా చీకట్లో చూపు రాని రోజుల్లో, మెడలో డిజిటల్ కెమెరా వేలాడుతుంటే మనిషి నడకే మారిపోయేది. ఇందుకూరుపేటలో అలా నడక మారినవాళ్లం ఇద్దరం: నేను, మా అక్క మొగుడు. మా నాన్నకు నా నడక నచ్చలేదు. కృష్ణపట్నం పోర్టులో గుమాస్తా పని ఖాళీగా ఉందని అన్నం తినే ప్రతిసారీ గుర్తుచేసేవాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మా చర్చిలో రొయ్యల గుంటల పెద్దాయన కూతురి పెళ్లి ఉంది. ఆ ఫోటోల పని నాకు దక్కితే స్టూడియో, దక్కకపోతే పోర్టు.

పెళ్లి సాయంత్రం పూట, చర్చి లోపల. ఫ్లాష్ కొడితే పాస్టరయ్యగారు ఊరుకోరు. అందుకని పెద్దాయన, ఆ పని అడిగిన నాకూ బావకూ ఒక పరీక్ష పెట్టాడు. క్రిస్మస్ ముందు కొవ్వొత్తుల ఆరాధనలో లైట్లన్నీ ఆర్పేస్తారు కదా, అప్పుడు చెరొక ఫోటో తియ్యండి, చీకట్లో ఎవరి కెమెరా గెలిస్తే పెళ్లి వాళ్లదే అన్నాడు.

సిద్ధపడకుండా బరిలోకి దిగే రకం కాదు నేను. ముందుగానే ఒక సాయంత్రం, పొద్దుగూకే వేళకు, బావను మా గొడ్ల చావిడికి పిలిచి, ఒకే గేదెను రెండు కెమెరాలతో తీసి పోల్చాను. బావది టక్కున తీసేది గానీ గేదె ఒంటి నిండా బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు. నాది నింపాదిగా కాసేపు కన్ను తెరిచి చూసి మరీ తీసేది. బొమ్మ మాత్రం నూనె రాసినట్టు నున్నగా వచ్చింది. “నీది ఆలస్యం గదరా బామ్మర్దీ, జనం కదలరా?” అన్నాడు బావ. గేదె కదిలిందా అని అడిగాను. అంత తర్కం విన్నాక ఆయన తన కెమెరాకు మూత పెట్టేసుకున్నాడు.

ఆరాధనలో లైట్లు ఆరాయి, కొవ్వొత్తులు వెలిగాయి. నేను స్టాండు మీద కెమెరా నిలబెట్టి మీట నొక్కాను. సంఘం గేదె కాదని అప్పుడు తెలిసింది. పాడేవాళ్లు ఊగారు, పిల్లలు వెనక్కి తిరిగారు, వేళ్ల మీద మైనం పడ్డ ఆడవాళ్లు చేతులు విదిలించారు. ఫోటోలో అందరూ పొగ. ఆ పొగ మధ్య ఒక్క మనిషి మాత్రం, మీసంలో వెంట్రుకలు ఏరుకునేంత స్పష్టంగా పడ్డాడు: ముందు బెంచీలో నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్న పెద్దాయన.

మర్నాడు రెండు ఫోటోలూ వాళ్లింట్లో కంప్యూటరు మీద పెట్టాం. ప్రసంగంలో ఎవరు కునికినా భుజం తట్టి లేపే మనిషి ఆయన. కుర్చీ ముందుకు జరుపుకుని నా ఫోటో మీదికి వంగాడు. వెనకనుంచి ఆయన భార్య తొంగిచూసి, “ఇందులో మీరొక్కరే బాగా పడినారు” అంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“కెమెరా నీదే మంచిది అబ్బయా. పెళ్లికి మాత్రం మీ బావను రమ్మను.”

ఇన్నేళ్లుగా పోర్టు బస్సులో ఈ కథ చెప్పుకుంటూనే ఉన్నాను. ఉన్నదున్నట్టు చూపించి ఓడిపోయిన కెమెరా అని తోటివాళ్లు జాలిపడతారు, ఎవరో ఒకరు టీ కూడా ఇప్పిస్తారు. ఇక ఒప్పుకుంటాను. పెద్దాయన నిద్ర నిజం. ఆయన మాటల్లో రెండోదీ నిజమే; మొదటిది, కెమెరా నాదే మంచిదన్నది మాత్రం నేను చేర్చింది. బావ ఫోటోలో రవ్వ ఉన్న మాట నిజమే గానీ, ఆ రవ్వలోంచే అందరి మొహాలూ చక్కగా వెలుగుతున్నాయి. ఒక మూల స్టాండు వెనక నేను కూడా ఉన్నాను, బక్కపలచగా, అప్పటికే గెలిచేసినట్టు నవ్వుతూ.