నల్లచెరువు నాలుగెకరాలు

1958లో నేను పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో ఊడ్చి, కుండల్లో నీళ్ళు నింపే పని చేసేదాన్ని. నలభై దాటినా అక్షరం రాదు. జీతానికి వేలిముద్ర వేసేదాన్ని.

ప్రతి జనవరిలో ఆఫీసులో అందరూ ప్రాపర్టీ స్టేట్‌మెంట్ ఇచ్చేవారు. తనకూ భార్యాపిల్లలకూ ఉన్న ఇల్లూ పొలమూ రాసి పైవాళ్ళకు పంపే కాగితం అది. గుమాస్తా నారాయణప్ప ‘నిల్’ అని, అంటే ఏమీ లేదని రాసి, అందరికంటే ముందు ఇచ్చేసేవాడు. “మీరు లెక్కలేసుకుంటా కూచోండబ్బా, నా ఆస్తి ఒక్క మాటతో అయిపాయ” అని నవ్వేవాడు. లంచం ముట్టని మనిషి.

ఆయన భార్య లక్ష్మక్కకు పుట్టింటివాళ్ళు నల్లచెరువులో నాలుగెకరాల మెట్ట పసుపు కుంకుమ కింద ఇచ్చారు. మా పక్క అలాంటి భూమిని అల్లుడు తనదని నోటితో కూడా అనడు. కాగితంలో రాయాలని నారాయణప్పకు తోచలేదో, మనసొప్పలేదో నాకు తెలియదు. పంటకాలంలో లక్ష్మక్క నాకూ ఒక చేట శెనక్కాయలు పోసేది.

ఆ ఏడు నారాయణప్ప మీద ఆకాశరామన్న అర్జీ వచ్చింది. లంచాలతో ఎక్కడో భూమి కొని దాచాడని. అనంతపురం నుంచి అధికారి విచారణకు వచ్చాడు. ఆఫీసులో అందరూ తెలియదన్నారు. చివరికి నన్ను పిలిచి, కుర్చీలో కూర్చోమన్నాడు.

“నారాయణప్పకు భూమి ఉందామ్మా?”

అంత మంచి మనిషిని అనుమానిస్తారా అని నాకు కోపం వచ్చింది.

“ఆయప్పకు సెంటు కూడా లేదు సామీ. నల్లచెరువులో ఉండేది లక్ష్మక్కది. వాళ్ళ నాయన పసుపు కుంకుమకిచ్చినాడు.”

రాసుకున్నదాని కింద వేలిముద్ర వేయించుకున్నారు. నారాయణప్పను కాపాడాననుకుంటూ ఇంటికి పోయాను.

నల్లచెరువులో పట్టా లక్ష్మక్క పేరున దొరికింది. ఇచ్చిన తండ్రి అప్పటికే చనిపోయాడు, ఇచ్చినట్టు కాగితం లేదు. లంచం సొమ్ముతో భార్య పేరున కొని, ‘నిల్’ అని రాసి దాచాడని తేల్చారు; నారాయణప్ప ఉద్యోగం పోయింది. హిందూపురం బెల్లం మండీలో మూటలు తూచే పనికి కుదిరి, రెండేళ్ళకు గుండె ఆగి పోయాడు. లక్ష్మక్క ఆ భూమి అమ్ముకుని, ధర్మవరంలో పట్టు నూలు చుట్టే కూలికి చేరింది.

నేను చూడటానికి పోతే లక్ష్మక్క అడిగింది. “ఆపొద్దు నువ్వేం చెప్తివి గంగమ్మా?”

“నేను చెప్పిందొకటక్కా, వాళ్ళు రాసుకునిందొకటి.”

నేను అలాగే నమ్మాను. లేకపోతే మేలు కోరి చెప్పిన మాట కీడెలా చేస్తుంది? తప్పుగా రాసుకున్నారన్న కోపంతోనే ఆడవాళ్ళ తరగతిలో చేరి, యాభైకి దగ్గరపడ్డాక అక్షరాలు దిద్దాను.

1966లో పాత ఫైళ్ళు దులుపుతుంటే ఆ ఫైలు దొరికింది. కూడబలుక్కుంటూ చదివాను. అర్జీలో ఏ ఊరి పేరూ లేదు. మిగతావాళ్ళ వాఙ్మూలాల్లోనూ లేదు. నా దాంట్లో ఉంది. నేను అన్నది అన్నట్టే రాశారు, ‘ఆయప్ప’ అన్న మాటతో సహా.

మంచి మనసుతో చెప్పిన మాట కూడా అడిగినవాడికి కావలసిన చోటికే పోతుంది. ఆ కేసు నాకు నేర్పింది అది.

లక్ష్మక్కకు చెప్పాలని ధర్మవరం పోయాను. నూలు చుడుతూనే అంది, “సదువు నేర్చినావంట. ఆయప్ప మీద తప్పుగా రాసినోళ్ళెవరో ఎప్పుడన్నా సదివి చెప్పు గంగమ్మా.”

సరేనన్నాను. అక్షరం రానన్నాళ్ళూ ఆమెకు నేను అబద్ధం చెప్పలేదు. వచ్చాక చెప్పాను.