ఎగిరే పడవ అడుగున మెట్టు

కెనడాలోని విన్నిపెగ్‌లో మేం ఆరుగురం స్టూడెంట్లం ఒకే బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పరుపులు రెండు. అలాంటి నాకు పాత విమానాల మ్యూజియంలో గైడ్ పని తగిలింది. తగిలింది అనకూడదు, శనివారం ట్రయల్ టూర్ బాగా చేస్తేనే ఇస్తారట. రెస్టారెంట్‌లో ప్లేట్లు కడిగీ కడిగీ వేళ్ళు నానిపోయిన నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

సూపర్‌వైజర్ మేడమ్ ఆరు పేజీల స్క్రిప్ట్ ఇచ్చి, "ఒకసారి చదువుకుని నీ మాటల్లో చెప్పు, చాలు" అంది. నా మాటల్లోనా! మా ఇంటర్ కాలేజీ నేర్పిన ఏకైక విద్యకు ఇంత అవమానమా? కామాలతో సహా బట్టీ పట్టేశాను.

శనివారం అయిదుగురు వచ్చారు. వెనకాల మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. నేను ఎగిరే పడవ ముందు నిలబడి ఇంగ్లీషులో అందుకున్నాను. రన్‌వేలు లేని రోజుల్లో నీళ్ళ మీద దిగడానికి విమానం పొట్టను పడవలా చేశారు. ఇంజన్లకు తుంపర తగలకుండా రెక్కలను నెత్తిమీదకు ఎక్కించారు. పక్కకు ఒరగకుండా రెక్కల కింద తేలే తొట్లు తగిలించారు. లోపల వంటగది, భోజనాల బల్ల, ప్రయాణికులకు తలా ఒక పడక. పడకల దగ్గర నా గొంతు కాస్త వణికింది, కుళ్ళుతో.

వచ్చినవాళ్ళలో ఒకాయన రిటైరైన తెలుగు ఇంజనీరు. నా ఇంగ్లీషు రెండు ముక్కలు వినగానే తెలుగువాణ్ణని పట్టేశారు.

"బాబూ, పడవ అడుగు నున్నగా సాగకుండా మధ్యలో ఈ మెట్టు ఎందుకు పెట్టారు?"

"అది నాలుగో పేజీలో ఉందంకుల్. అడుగున ఒక మెట్టు ఉంటుంది అని..."

"ఉందని నాకూ కనబడుతోందయ్యా. ఎందుకు? నువ్వేం చదివావు?"

"మెకానికల్ అంకుల్. డిస్టింక్షన్."

"శుభం. అయితే చెప్పు."

మేడమ్ వాచీ చూసుకుంది. అయిపోయింది, మళ్ళీ ఆ సింకే గతి అనుకున్నాను. అనుకోగానే సింకు కళ్ళముందుకొచ్చింది. తడి ప్లేట్లు రెండు అతుక్కుంటే ఎంత లాగినా రావు. అంచున కాస్త గాలి దూరితే టక్కున ఊడొస్తాయి.

"నీళ్ళు పొట్టను పట్టేసుకుంటాయి అంకుల్, వదలవు. స్పీడ్ అందుకున్నాక ఈ మెట్టు వెనక గాలి దూరుతుంది. పట్టు వదిలిపోతే పైకి లేస్తుంది."

"అదీ!" అని భుజం తట్టారు. అదే సంగతి ప్లేట్లతో సహా అందరికీ ఇంగ్లీషులో చెప్పాను. నాలుగేళ్ళ బీటెక్‌లో నన్ను 'ఎందుకు' అని అడిగిన మనిషి లేడు. ఛీ, అక్కడే ఏడుపొచ్చినంత పనైంది.

ఉద్యోగం ఇచ్చారు. ఇంకో గైడ్ కూడా కావాలన్నారు. గొప్పగా ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పాను. పై శనివారం ట్రయల్‌కి నా రూమ్మేట్ వచ్చాడు. మెట్టు దగ్గర ఆగి, "నేను రెస్టారెంట్‌లో ప్లేట్లు కడిగేటప్పుడు..." అంటూ నా జవాబు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. వాడు పనిచేసేది గ్యాస్ స్టేషన్‌లో.

నాకు నవ్వు ఆగలేదు. మరుసటి టూర్‌లో మెట్టు దగ్గరికొచ్చి నోరు తెరిచాను. అవే మాటలు, అదే వరసలో, వాడు ఆగినచోటే ఆగుతూ వచ్చాయి.