జున్నుపాల తేట

చెల్లె పోయాక ఇల్లు శుద్ధి చేసిన రోజున చుట్టాలు ఆమె మందులన్నీ బయట పారేశారు. పోయినవాళ్ల మందులు ఇంట్లో ఉండకూడదంటారు. మాత్రలు, సూదులు, సగం వాడిన సీసాలు ఒక యూరియా సంచిలో వేసి చెత్త బండికి ఇచ్చేశారు. ఫ్రీజర్లో ఉన్న చిన్న గాజు సీసాలు కూడా ఆ సంచిలోనే పోయాయి. చూసినవాళ్లకు అవీ మందుల్లాగే కనిపించి ఉంటాయి. నేను స్నానం చేసి వచ్చేసరికి బండి వెళ్లిపోయింది.

ఆ సీసాల్లో ఉన్నది జున్నుపాల తేట. చెల్లె జనగామలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. బర్రె ఈనగానే వచ్చే పాలలో దూడ ఒంటిని పెంచే పదార్థాలుంటాయి. అవి మొక్క వేళ్లను కూడా పెంచుతాయా అన్నది ఆమె ప్రశ్న. పాల మీద మీగడ తీసేసి, నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, ఆ తేటను సీసాల్లో గడ్డ కట్టించేది. ఒక చెంచా తేటను చెంబెడు నీళ్లలో కలిపి మిరప మొక్కలకు పోసేది.

జబ్బు ముదిరాక ఆ మొక్కలతో సహా భూపాలపల్లికి, నా క్వార్టర్‌కు వచ్చింది. నేను బొగ్గు గని ఆఫీసులో పని చేస్తాను. మా అమ్మ, అవ్వ అంటాం, ఆమె కూడా నా దగ్గరే ఉంటుంది. వెనక వరండాలో రెండు ట్రేలు పెట్టాం. ఒకదానికి తేట కలిపిన నీళ్లు, రెండోదానికి ఉత్త నీళ్లు. ఆకుల మీద బొగ్గు దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిచేది. లేవలేకపోయిన రోజుల్లో మంచం మీది నుంచే నాతో చేయించేది.

"రెండో ట్రే లేకుంటే మొదటి ట్రేకు అర్థం లేదన్నా. ఎంత పాపమనిపించినా దానికి నీళ్లే."

ఆమెది రక్తానికి వచ్చిన క్యాన్సర్. ఒకసారి రిపోర్టు పక్కన పెట్టి, "పెరగొద్దన్నయేమో నా లోపల పెరుగుతున్నయ్. ఈ చెట్లను పెరగమంటే నీలుగుతున్నయ్" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇందులో పోలికలేవీ వెతకదలచుకోలేదు. ఆమె అన్నది కాబట్టి రాస్తున్నాను.

ఆమెకు పని నేర్పిన సార్ జనగామలోనే ఉంటారు. మొక్కలను పూత వచ్చేదాకా నిలబెడితే తానే వచ్చి కొలతలు తీసుకుంటానని, ఆ పని ఆమె పేరు మీదే అచ్చు వేయిస్తానని చెప్పారు. ఆమె పేరు మీద మిగలగలిగింది అదొక్కటే. తేట పోతే అదీ పోతుంది.

నాకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఎవరింట్లోనైనా బర్రె ఈనిందా అని అడుగుతుంటే, తల దువ్వుకోకుండా తిరుగుతున్న నన్ను ఆఫీసులో వాళ్లు వింతగా చూశారు. చివరికి మహబూబాబాద్ దగ్గర ఊళ్లో ఉండే మా మేనమామ వాళ్ల బర్రె ఈనిందని తెలిసింది. సెలవు పెట్టి బస్సెక్కాను.

మామ కొట్టం దగ్గరే ఉన్నాడు. అత్త నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పాల మాట ఎత్తగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

"తప్పుగ అనుకోకు అల్లుడా. చావైన ఇంటికి జున్నుపాలు పోతే బర్రె పాలు చేపదంటరు, పొదుగుకు పాలు దిగయంటరు."

"ఇంకెవరిని అడగాలె అత్తా?"

"ఎందుకు చేపదే?" అన్నాడు మామ. "ఎవలింట్ల ఎవలు పోయిన్రో బర్రెకేం ఎరుక? పేపర్ సదువుతదా?"

"నువ్వూకో. జున్ను వండుకుంటరా అల్లుడా?"

"కాదత్తా. మిరప చెట్లకు."

"దూడ నోటికాడియి దీసి చెట్లకు పోస్తవా?" అంది అత్త.

"చెల్లె పెట్టిన చెట్లు" అన్నాను. అంతకంటే వివరించే ఓపిక నాలో లేదు.

దూడ కడుపు నిండా తాగాక అత్తే పాలు పిండింది. స్టీలు డబ్బాలో పోసి, దిష్టి తగలకుండా మూత మీద బొగ్గు ముక్క పెట్టి గుడ్డ కట్టింది.

"బొగ్గు బాయికాడికి పోయేటోనికి బొగ్గు గట్టిస్తవేందే" అన్నాడు మామ. అత్త కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

వరంగల్‌లో బస్సు మారేటప్పుడు సోడా బండి దగ్గర ఐసు అడిగి తీసుకుని డబ్బా చుట్టూ పెట్టాను. దారంతా డబ్బాను ఒళ్లోంచి దించలేదు. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు డ్యూటీ నుంచి రాగానే తేట తీయాలనుకున్నాను.

మర్నాడు వచ్చేసరికి స్టీలు డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"అవ్వా, పాలేవి?"

"పోసిన కొడుకా. ఇరిగిపోతయేమోనని నేనే పోసిన."

"ఏ ట్రేకు?"

"రెండింటికి."

"రెండోదానికి నీళ్లే అని చెల్లె చెప్పలేదా?"

"చెప్పింది. బిడ్డ ఉన్నన్ని దినాలు నేను చెయ్యి వెట్టలే." అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. "ఒకదానికి పాలు, ఒకదానికి నీళ్లు. ఎట్ల పొయ్యాల్రా? నేను ఇద్దర్ని గన్నదాన్ని."

నేను వరండాలోకి వెళ్లాను. పాలు పచ్చివి, చిక్కనివి. మట్టి మీద పసుపుపచ్చగా గడ్డలు కట్టి ఉన్నాయి. అప్పటికే చీమలు పట్టాయి. మొక్కలను ఒక్కొక్కటే పెకిలించి నల్లా కింద వేళ్లు కడిగాను. కొత్త మట్టి తెచ్చి మళ్లీ నాటాను. మెత్తబడ్డ వేళ్లు కొన్ని నా వేళ్లకే అంటుకుని వచ్చాయి. అవ్వ చెంబుతో నీళ్లు అందిస్తూ పక్కనే నిలబడింది.

ఆకులు పండి రాలాయి. వారం గడవకముందే రెండు ట్రేలూ దాదాపు ఖాళీ అయ్యాయి. సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అమ్మను ఏమీ అనకండి" అన్నారు. కొలతల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. జున్నుపాలు వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు, బెల్లం ముక్కైనా వేయాలి. కానీ చావైన ఇల్లు కాబట్టి, ఏడాది తిరిగేదాకా మా ఇంటి నుంచి తీపి వెళ్లకూడదు. ఆ మాటే అత్తకు ఫోన్లో చెప్పాను.

"ఉండనియ్ తియ్యి. బర్రె మంచిగనే చేపుతున్నది" అంది.

రెండో ట్రే చివర ఒక్క మొక్క బతికింది. పాలు అక్కడిదాకా చాలక, దానికి డబ్బా కడిగిన నీళ్లే పోశానని అవ్వ చెప్పింది. దానికి ఒక మొగ్గ వచ్చి, విచ్చకుండానే రాలింది. ఒక్క మొక్కతో దేన్నీ పోల్చలేం. అది నాకు తెలుసు. ఈ ఉదయం అవ్వ తడిగుడ్డతో దాని ఆకుల మీది బొగ్గు దుమ్ము తుడుస్తుంటే నేను చెంబు తెచ్చాను.

"ఏం పోస్తున్నవ్?" అని అడిగింది.

"నీళ్లే" అన్నాను.