మెరక మీద ఇళ్ళు

మొన్న తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో ఎవరో కోసిన చేలో గడ్డి తగలబెట్టినట్టున్నారు, పొగ బస్సులోకి వచ్చేసింది. పక్కనున్న అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గబగబా మంచినీళ్ళ సీసా మూత తిప్పాను. "దాహమా మామ్మగారూ?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. భయమని చెబితే నవ్వుతుందేమో. ఎండుగడ్డి కాలిన వాసన తగిలితే ఈ వయసులో కూడా నా చెయ్యి నీళ్ళ కోసం వెతుకుతుంది. అందుకు కారణం మా అత్తగారు.

డెబ్భైల మొదట్లో రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఓ పల్లెటూరికి కాపురానికి వెళ్ళాను. పుట్టి పెరిగింది తెనాలిలో కాబట్టి గడ్డివామిని దూరం నుంచి చూడటమే తప్ప దాని విలువ నాకు తెలియదు. ఏడాది పొడుగునా గేదెలకు అదే తిండి అనీ, వామి పోతే పాడి పోతుందనీ, పాడి పోతే మా ఇల్లు గడవదనీ అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. మామగారు పోయి చాలాకాలమైంది. మా ఆయన ఉద్యోగం బాపట్లలో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారేసరికి బస్సెక్కేసేవారు. మిగతా రోజులు ఇంట్లో అత్తగారూ నేనూ, దొడ్లో రెండు గేదెలూ. అత్తగారు గట్టి మనిషి. ఆవిడ వస్తుంటే గేదెలు కూడా సర్దుకుని నిలబడేవి. నాకైతే ఆవిడ ముందు తుమ్మాలన్నా బెరుకే.

మా పొలాల్లో పనిచేసే కుటుంబాలు మురుగు కాలువ గట్టు మీద గుడిసెలు వేసుకుని ఉండేవి. నేను వెళ్ళిన ఏడు ముసురు పట్టినప్పుడు, నాట్లకూ కోతలకూ మాకు ముందుండే ముసలమ్మ తడిసిన బియ్యం చెంగున కట్టుకుని వచ్చి, "పొయ్యి కరిగిపోయిందండి అమ్మగారూ" అంది. మట్టి పొయ్యి, కాలువ నీళ్ళు గుడిసెలోకి వచ్చి దాన్ని కరిగించేశాయి. మా వసారాలో వండుకుని వెళ్ళింది. ఇంత బతుకూ బతికి పొయ్యి కూడా నిలవకపోతే ఎట్లా అని అత్తగారు ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉంది. మరుసటి ఏడు ప్రభుత్వం వాళ్ళకు ఇళ్ళ స్థలాలు ఇస్తామంది. ఊరి పెద్దలు పల్లంలో, ఆ కాలువ పక్కనే ఇంకో ముక్క చూపించారు. అత్తగారు తిన్నగా పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి, ఊరి చివర మా ఇంటి వెనక వామిదొడ్డిని ఆనుకుని ఉన్న మా మెరక చేను తీసుకోమని చెప్పి వచ్చింది. ఎంత వానొచ్చినా నీళ్ళెక్కని నేల అది. ఊళ్ళో అలాంటిది ఉన్నదే కాస్త.

ఆ సాయంత్రం మామగారి అన్నగారు మా ఇంటికి వచ్చారు. ఊళ్ళో ఆయన మాటే మాట. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. నెమ్మదిగా మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, మెరకెక్కి కూర్చున్నవాళ్ళు రేపు పిలిస్తే పనిలోకి వస్తారా? కాస్త ఆలోచించుకో. అసలే గాలి రోజులు, వామి జాగ్రత్త" అన్నారు.

"మీరంతా ఉన్నారుగా బావగారూ, నాకేంటి భయం" అంది అత్తగారు.

ఆ చివరి మాట ఎందుకన్నారో నాకు అర్థమైంది. మా వైపు పగబట్టినవాడు మనిషి జోలికి రాడు, వామికి అగ్గిపుల్ల గీసి పోతాడు. ఎవరు గీశారో పైవాడికే తెలియాలి. ఆ మర్నాటి నుంచి మజ్జిగకు వచ్చే అమ్మలక్కలు మానేశారు. మెరక మీద మట్టి గోడలు లేస్తున్నకొద్దీ నాకు నిద్ర పోయింది. బీడీ వెలిగించుకుని దారిన పోయే ప్రతివాడూ మా వామి కోసమే వస్తున్నట్టుండేది. అత్తగారేమో ఇలా నడుం వాల్చి అలా గురక పెట్టేది. "పడుకోవే తెనాలి పిల్లా. నిప్పుకి ఇంత భయపడితే అన్నమెట్టా వండుతావ్" అనేది. ఆ గురక వింటుంటే నాకు భయం పోయి కోపం వచ్చేది, కోపం తగ్గాక మళ్ళీ భయం వేసేది.

తాటాకు కప్పులు పడ్డాయి. గృహప్రవేశం ఇవాళో రేపో అనుకుంటుండగా, ఓ తెల్లవారుజామున పేడ తియ్యడానికి దొడ్లోకి వెళ్ళాను. వామి పక్కగా ఎర్రటి నిప్పు ఊగుతూ వస్తోంది. వెనక నీడల్లా మనుషులు. అరవబోయాను. అంతలో నా పక్కనుంచి అత్తగారు దూసుకుపోయింది. కుడితి గోలెం దగ్గర ఎప్పుడు నింపి పెట్టుకుందో, బకెట్టెడు నీళ్ళు ఎత్తి ముందున్న మనిషి మీద కుమ్మరించింది. నిప్పు సుయ్యిమంది. "ఎవడ్రా అది?" అంటే, "నేనేనండి అమ్మగారూ" అని ముసలమ్మ గొంతు వినిపించింది.

తల నుంచి కాళ్ళ దాకా తడిసి, చేతిలో పొగలు కక్కే కుండతో నిలబడింది. పాత పొయ్యిలో నిప్పు ఆరకుండా కొత్తింటికి తీసుకెళ్ళి, దాంతోనే పాలు పొంగించడం వాళ్ళ ఆనవాయితీ. దారిలో ఆరితే ఆ ఇంట కాపురం నిలవదంటారు. "మీ చేత్తో ఓ పిడకేయిద్దామని వచ్చామండి. ఊరు లేచాక వత్తే మీకు మాటొత్తదని చీకట్నే బయల్దేరాం" అంది. వెనకున్న ఆడవాళ్ళు ఆరిపోయిన కుండ వైపు చూస్తున్నారు.

అత్తగారు ఆ బురదలోనే కూలబడింది. "నాకు నిద్ర పట్టి నెల్లాళ్ళయిందే. నువ్వింకా బెంబేలు పడతావని గురక పెట్టేదాన్ని" అంది, నా వైపు చూడకుండా. తర్వాత లేచి, పాలు కాగబెట్టే మా దాలిగుంట దగ్గరికి వెళ్ళింది. రాత్రి బూడిద కప్పిన పిడకల నిప్పు పెంకుతో ఎత్తి తెచ్చింది. "తమరింట్లో నిప్పాండీ?" అని ముసలమ్మ వెనక్కి తగ్గింది. "ముందు పట్టు, చెయ్యి కాలుతోంది" అంది అత్తగారు.

తెల్లారేసరికి మెరక మీద ఇళ్ళల్లోంచి ఒక్కొక్కటిగా పొగ లేచింది. అప్పుడు కూడా అత్తగారు గాలి ఎటు వీస్తోందో చూస్తూనే ఉంది. మా వామిని ఆ ఏడే కాదు, ఏ ఏడూ ఎవరూ తగలబెట్టలేదు. భయం మాత్రం తను ఉండాల్సినన్నాళ్ళూ ఉండి వెళ్ళింది.

ఆ రోజుల్లో అత్తగారు నా కంటికి ముసలావిడే. ఇప్పుడు లెక్కేసుకుంటే ఆవిడకు అప్పటికి నలభై దాటి ఎంతో కాలేదు. ఇవాళ నా కూతురు అప్పటి ఆవిడకంటే పెద్దది. ఏ కొంచెం బెంగపడ్డా నాకు ఫోన్ చేస్తుంది. ఆవిడకు చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో ఆవిడకే భయపడేదాన్ని. పక్కన కూర్చుని "నాకూ భయంగానే ఉందత్తయ్యా" అనగలిగే వయసు నాకు వచ్చేసరికి ఆవిడ లేదు.